వయొలెట్ వాసన ఎక్కడికి పోతుంది?

ఫిబ్రవరి చివరికి ఇంగ్లండ్, ఫ్రాన్స్ పల్లెల్లో చెట్లు ఇంకా మోడుల్లాగే ఉంటాయి. అప్పుడే కంచెల మొదట్లో, పాత గోడల నీడలో, జానెడు ఎత్తు కూడా లేని మొక్క ఒకటి ఎండుటాకుల్ని తోసుకొచ్చి ఊదారంగు పూలు పూస్తుంది. చాలాసార్లు పువ్వు కంటపడేలోపే వాసన తగులుతుంది. తియ్యటి, పొడిపొడి వాసన. వంగి రెండు మూడుసార్లు గట్టిగా పీల్చారో, ఇక ఏమీ ఉండదు. నాలుగడుగులు అటు వేసి వెనక్కొస్తే మళ్లీ గుప్పుమంటుంది. ఈ దోబూచులాటకు కారణం కొంత పువ్వులో, ఎక్కువ భాగం మన ముక్కులో ఉంది.

ముందు పువ్వు సంగతి. వయోలా ప్రజాతిలో 500కు పైగా జాతులున్నాయి. వాసనకు పేరుపడ్డది వయోలా ఒడొరాటా. న్యూజెర్సీ రాష్ట్ర పుష్పం కూడా వయొలెట్టే. వసంతంలో అక్కడి మనవాళ్ల ఇళ్ల ముందు లాన్లలో కలుపులా లేస్తుంది. కానీ అది వయోలా సొరోరియా, ఎంత వంగి చూసినా వాసన ఉండదు. చలికాలంలో హైదరాబాద్ నర్సరీలకు వచ్చే పాన్సీలదీ ఇదే ప్రజాతి, వాటికి వాసన అంతంతమాత్రం. ఆఫ్రికన్ వయొలెట్‌కైతే ఈ కుటుంబంతో చుట్టరికమే లేదు. మన బీడు భూముల్లో కనిపించే రత్నపురుష మాత్రం వయొలెట్ల కుటుంబానిదే. నాలుగు రేకులు కనీకనపడనట్టుండి, కిందిరేకు ఒక్కటే వెడల్పుగా గులాబీ ఊదా రంగులో వేలాడుతుంది.

ఒడొరాటాను గుర్తుపట్టాలంటే మొదలు దగ్గర చూడండి. నేలబారుగా తీగలు పాకి, వాటి కొసల్లో కొత్త పిలకలు వేళ్లూనుతుంటాయి. పూకాడ మొదట్లోంచి నేరుగా లేస్తుంది, పువ్వు కింద రక్షకపత్రాల కొసలు మొద్దుగా ఉంటాయి. దీన్నే పోలిన వయోలా హిర్టాకు పాకే తీగలుండవు, వాసనా ఉండదు.

ఇక వాసన. అందులో ముఖ్యమైనవి అయొనోన్లు: ఆల్ఫా అయొనోన్, బీటా అయొనోన్, వాటి దగ్గరి బంధువు డైహైడ్రో బీటా అయొనోన్. క్యారెట్‌కు రంగునిచ్చే కెరోటిన్ లాంటి పొడవాటి అణువులను మొక్కలోని ఎంజైములు కత్తిరిస్తే ఇలాంటి ముక్కలు పుడతాయి. ఒక్క వయొలెట్‌కే సొంతం కాదు. గులాబీ, రాస్‌బెర్రీ, టీ ఆకు, ఆఖరికి టమాటా వాసనలో కూడా బీటా అయొనోన్ పాత్ర ఉంది. కాకపోతే అక్కడ పదిమందిలో ఒకటి, ఇక్కడ కచేరీ అంతా దానిదే.

ఏ వాసనకైనా ముక్కు కాసేపట్లో అలవాటు పడిపోతుంది. వంటింట్లో ఉన్నవాళ్లకు పోపు ఘాటు తెలియనిది అందుకే. మామూలుగా పూలవాసన అనేక పదార్థాల మిశ్రమం కాబట్టి ఒకటి మసకబారినా మిగతావి పనిచేస్తుంటాయి. వయొలెట్ వాసన దాదాపు ఒకే కోవ అణువుల మీద నిలబడింది. వాటిని పట్టే గ్రాహకాలు వరసగా తగిలే అణువులకు స్పందించడం తగ్గించగానే పువ్వు మొత్తం మాయమైనట్టు అనిపిస్తుంది. వయొలెట్ ముక్కును మొద్దుబార్చేస్తుందనే మాట అతిశయం. ఆ క్షణంలో కాఫీ గింజలు వాసన చూడండి, చక్కగా తెలుస్తుంది.

కొందరికి మొదటి పీల్పులో కూడా ఏమీ తెలియదు. న్యూజీలాండ్ శాస్త్రవేత్తలు 2013లో దీనికి జన్యుకారణం చూపించారు. ముక్కులో బీటా అయొనోన్‌ను పట్టే గ్రాహకానికి ఓఆర్5ఎ1 అనే జన్యువు మూసపోస్తుంది. ఆ జన్యువులో ఒకే ఒక్క అక్షరం తేడాతో గ్రాహకంలోని 183వ స్థానంలో అస్పార్టిక్ ఆమ్లం బదులు అస్పరాజిన్ అనే మరో అమైనో ఆమ్లం వచ్చి కూర్చుంటుంది. మనలో ఈ జన్యువు ప్రతులు రెండుంటాయి. వాటిలో ఒక్కటైనా అస్పార్టిక్ ఆమ్లం రకమైతే చాలు, అతి పలచని మోతాదులోనే పరిమళం అందుతుంది. రెండు ప్రతులూ అస్పరాజిన్ రకమైతే ఎన్నో రెట్లు ఎక్కువ మోతాదు కావాలి. అప్పుడైనా వాళ్లకది పూల వాసనలా కాక పుల్లగా, వెనిగర్‌లా తోస్తుంది. భార్యకు నచ్చిన సెంటు భర్తకు నచ్చకపోవడంలో ఇలాంటి సంగతులకూ వాటా ఉండొచ్చు.

ఈ పువ్వు నుంచి పరిమళం తీయడం ఎప్పుడూ నష్టాల బేరమే. రాశులు పోసినా దిగేది చిటికెడు. అందుకే జర్మనీలో ఫెర్డినాండ్ టీమన్, పాల్ క్రూగర్ వయొలెట్‌ను పక్కనపెట్టి, అదే తీరు వాసన ఉండి కాస్త చవకైన ఐరిస్ దుంపల మీద పరిశోధన చేశారు. ఆ దుంప పదార్థాన్ని కృత్రిమంగా తయారుచేయబోయి 1893లో అయొనోన్ చేతికి తెచ్చుకున్నారు. పద్ధతి తేలికే: నిమ్మవాసన ఉండే సిట్రాల్‌కు క్షారం సాయంతో అసిటోన్ కలిపితే సూడో అయొనోన్ వస్తుంది. ఆమ్లం సాయంతో దాని అణువును వలయంగా ముడిస్తే అయొనోన్. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం వాడితే బీటా ఎక్కువ, ఫాస్ఫారిక్ ఆమ్లం వాడితే ఆల్ఫా ఎక్కువ. ఆ సిట్రాల్‌కు మంచి ఆధారం నిమ్మగడ్డి నూనె. అందులో సుమారు 70 నుంచి 80 శాతం సిట్రాలే. కొచ్చిన్ రేవు మీదుగా ఎగుమతైన కేరళ నిమ్మగడ్డి నూనె అలా ఐరోపా వయొలెట్ సెంట్లకు ముడిసరుకైంది. 1947లో స్విట్జర్లాండ్‌లో ఓటో ఐస్లర్ బృందం విటమిన్ ఎ ని పరిశ్రమ స్థాయిలో తయారుచేయడానికి మొదలుపెట్టింది కూడా బీటా అయొనోన్ నుంచే.

దక్షిణ ఫ్రాన్స్‌లో గ్రాస్ పట్టణానికి దగ్గర్లోని టూరెట్-సుర్-లూ గ్రామంలో ఇప్పటికీ వయొలెట్లు పండిస్తారు. చలికాలమంతా పూలు గుత్తులు కట్టి అమ్ముతారు. వేసవి మొదట్లో ఆకులు కోసి గ్రాస్‌లోని సెంటు పరిశ్రమకు ఇస్తారు. సెంట్లలో వాడే అసలు వయొలెట్ సరుకు ఈ ఆకు సారమే. దాని వాసన పువ్వుకు ఏమాత్రం పోలిక లేకుండా, అప్పుడే కోసిన కీరదోసలా పచ్చిగా ఉంటుంది. సెంటు సీసాలోని వయొలెట్ పూలవాసన దాదాపు ఎప్పుడూ అయొనోనే.

పువ్వును చేతిలోకి తీసుకుని తిప్పి చూస్తే దాని పనితనం తెలుస్తుంది. రెండు రేకులు పైకి, రెండు పక్కలకు, ఒకటి కిందికి. కిందిరేకు వెనక్కి సాగి తోకలాంటి గొట్టంగా మారుతుంది, మకరందం నిలిచేది అందులోనే. రేకు మీది ముదురు గీతలు తేనెటీగకు దారి చూపుతాయి. మధ్యలో ఐదు కేసరాలు అండాశయాన్ని హత్తుకుని ఉంటాయి. వాటి నారింజరంగు కొసలు కలిసి ఒక శంకువులా ఏర్పడతాయి, రాలిన పుప్పొడి అందులో చేరుతుంది. కింది రెండు కేసరాల నుంచి బయల్దేరిన తోకలు గొట్టంలోకి దిగి మకరందం ఊరుస్తాయి. ఈగ తల దూర్చినప్పుడు కొక్కెంలా వంగిన కీలాగ్రం కదులుతుంది, శంకువు కాస్త విచ్చుకుంటుంది, పుప్పొడి ఈగ మీద రాలుతుంది. మొనతేలిన పుల్లతో కొక్కేన్ని మెల్లిగా ఎత్తితే ఇది కంటితోనే చూడొచ్చు.

ఇంత ఏర్పాటున్నా ఆ చలిలో తిరిగే తేనెటీగలు తక్కువ, ఈ పూలలో కాయ కట్టేవీ తక్కువే. ఆ లోటు తీర్చే పూలు వేరే ఉన్నాయి. పగళ్లు పొడవయ్యాక మొక్క రేకులు, వాసన రెండూ మానేసి, ఆకుల అడుగున మూతి విప్పని మొగ్గలు వేస్తుంది. మొగ్గలోనే స్వపరాగ సంపర్కం జరిగిపోతుంది. గింజల్లో ఎక్కువ భాగం వీటివే. జూన్‌లో ఆకులు ఎత్తి చూస్తే మట్టికి ఆనుకుని నూగున్న గుండ్రటి కాయలు దొరుకుతాయి. "మా మొక్క ఈ ఏడాది పూయలేదు కానీ కాయలున్నాయి" అని ఆశ్చర్యపోయేవాళ్లకు జవాబు ఇదే. ప్రతి గింజకూ తెల్లటి కొవ్వు ముక్క అతుక్కుని ఉంటుంది. చీమలు దానికోసం గింజను మోసుకెళ్లి, కొవ్వు తినేసి, గింజను పారేస్తాయి. గోడ పగుళ్లలో వయొలెట్లు మొలిచేది వీటి పుణ్యమే.

పెంచాలంటే చల్లటి ఊరు కావాలి. విజయవాడ ఎండల్లో కుండీ మొక్క వేసవి దాటుతుందని ఆశ పెట్టుకోవద్దు. బ్రిటన్‌లోనో అమెరికా ఉత్తరాదిలోనో ఉన్నవాళ్లకు కష్టమేమీ లేదు. పూలు అయిపోయాక, వేళ్లున్న పిలకను కోసి 25 నుంచి 30 సెంటీమీటర్ల ఎడంగా నాటాలి. మట్టి సగం, కుళ్లిన ఆకుల ఎరువు సగం. మొదలును లోతుగా పాతితే కుళ్లిపోతుంది, మట్టి మట్టానికే ఉంచండి. గింజలైతే చలి తగలందే మొలవవు. శరత్తులో కుండీలో చల్లి ఆరుబయట వదిలేయాలి, లేదా తడి ఇసుకలో కలిపి ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర 8 వారాలు ఉంచాలి. అయినా అన్నీ ఒకేసారి మొలవవు, ఓపిక పట్టాలి.

ఆకులు దట్టంగా పెరిగి పూలు రాకపోతే నత్రజని ఎక్కువైందనో, నీడ ముదిరిందనో అర్థం. ఆకులు రాలే చెట్టు కింద నాటితే పూతవేళకు ఎండ, వేసవిలో నీడ వాటంతటవే దొరుకుతాయి. వేసవిలో పాకే తీగల్ని సగమైనా తుంచండి, లేకపోతే మొక్క బలమంతా వాటికే పోతుంది. ఆకులు పాలిపోయి చుక్కలు పడితే వెనక్కి తిప్పి చూడండి. పొడి వేడిలో ఎర్రనల్లి చేరుతుంది, ఆకు అడుగున రోజూ నీళ్లు కొడితే తగ్గుతుంది.

పూలు చేతికొస్తే ఒక చిన్న ప్రయోగం. ఆకుపచ్చ భాగాలు తీసేసిన పది పదిహేను పూల మీద 50 మిల్లీలీటర్ల వేడినీళ్లు పోసి గంటసేపు వదిలేస్తే నీలిరంగు నీరు దిగుతుంది. గాజు లేదా పింగాణీ గిన్నె వాడాలి. ఇనుము, అల్యూమినియం తగిలితే రంగు చెడుతుంది. క్షారం ఎక్కువున్న బోరునీళ్లు అసలే వద్దు. ఒక భాగంలో నిమ్మరసం చుక్క వేస్తే ఎర్రబారుతుంది, ఇంకో భాగంలో చిటికెడు వంటసోడా వేస్తే ఆకుపచ్చగా మారుతుంది. పూలకు రంగునిచ్చే ఆంథోసయనిన్ క్షారంలో నీలంగా, దాంతోపాటు ఉన్న ఫ్లేవనాయిడ్లు పసుపుగా మారడం వల్ల రెండూ కలిసి ఆకుపచ్చ కనిపిస్తుంది. శాస్త్రవేత్త రాబర్ట్ బాయిల్ 1664లో ఆమ్లమేదో క్షారమేదో తేల్చడానికి వాడింది ఈ వయొలెట్ పాకాన్నే. హైదరాబాద్ యునానీ మందుల షాపుల్లో గుల్-ఎ-బనఫ్షా పేరుతో దొరికే ఎండుపూలు దీనికి పనికిరావు, వాటి రంగు చాలావరకు వెలిసిపోయి ఉంటుంది. వాటికంటే పెరట్లోని నీలి శంఖుపుష్పం నయం. దాని రంగూ ఆంథోసయనిన్ కుటుంబానిదే, నిమ్మరసంతో ఊదాగా, సోడాతో పచ్చగా తిరుగుతుంది.