చేపల కంటే ముందు రాయి

ఉప్పునీటి అక్వేరియం పెట్టాలనుకున్నవాళ్లు ముందుగా అడిగేది చేపల సంగతే. తెల్ల పట్టీల నారింజ రంగు క్లౌన్ చేప ఎంతకొస్తుంది, ఎన్ని వేయొచ్చు, ఏం తింటుంది అని. అనుభవమున్నవాళ్లు మాత్రం రాళ్ల దగ్గర మొదలుపెడతారు. తొట్టిలో నీటిని చేపకు పనికొచ్చేలా ఉంచడంలో పెద్ద వాటా అడుగున పేర్చిన లైవ్ రాక్‌దే.

లైవ్ రాక్ అంటే జీవులు పట్టిన పగడపు రాయి. చచ్చిన పగడాల సున్నపు అస్థిపంజరాలు అలల తాకిడికి విరిగి సముద్రం అడుగున పడతాయి. ఏళ్ల తరబడి అక్కడున్న ముక్కల మీద రకరకాల జీవులు కాపురం పెడతాయి. పైన గులాబీ, ఊదా రంగుల్లో పెచ్చులా అంటుకునే కోరలైన్ నాచు, సందుల్లో స్పంజికలు, పురుగులు, ఆవగింజ కన్నా చిన్న రొయ్యజాతి జీవులు కనిపిస్తాయి. అసలు పని చేసేవి కంటికి ఆనవు. అవి రాతి రంధ్రాల నిండా పేరుకున్న బాక్టీరియా.

చేప తన ఒంట్లోని అమ్మోనియాను ఎక్కువగా మొప్పల నుంచే వదిలేస్తుంది. తినకుండా మిగిలిన మేత కుళ్లినా అదే పుడుతుంది. సముద్రంలో అది ఇట్టే కలిసిపోతుంది, తొట్టిలో ఎటూ పోలేదు. పైగా సముద్రపు నీటి పీహెచ్ 8.2 వరకూ ఉంటుంది. పీహెచ్ 7 ఉన్న మంచినీటితో పోలిస్తే ఇక్కడ అమ్మోనియాలో విషంగా పనిచేసే రూపం వాటా పది రెట్లకు పైనే. గోల్డ్‌ఫిష్ తొట్టిలో చెల్లిపోయిన అశ్రద్ధ ఇక్కడ చెల్లదు.

ఆక్సిజన్ బాగా అందే పైపొరల్లో ఒక రకం బాక్టీరియా అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది, ఇంకో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్ చేస్తుంది. ఇవి రెండు వేర్వేరు జీవుల పనులని రష్యన్ శాస్త్రవేత్త సెర్గీ వినోగ్రాడ్‌స్కీ 1890 ప్రాంతంలో మట్టిని పరిశీలిస్తూ తేల్చాడు. ఇంతవరకూ అయితే మామూలు ఫిల్టరు స్పాంజి కూడా చేస్తుంది. రాయి గొప్పతనం ఆ తర్వాత తెలుస్తుంది. పైనున్న బాక్టీరియా ఆక్సిజన్‌ను ముందే వాడేసుకోవడంతో లోపలి రంధ్రాలకు అది దాదాపు చేరదు. అక్కడుండే బాక్టీరియా ఆక్సిజన్ బదులు నైట్రేట్‌తో ఊపిరి నడుపుకుంటుంది. చివరికి నైట్రోజన్ వాయువు మిగులుతుంది, అది నీటిని వదిలి గాలిలో కలిసిపోతుంది. పిడికెడు రాతిలోనే ఆక్సిజన్‌తో బతికేవాళ్లూ అది లేకుండా బతికేవాళ్లూ ఇరుగుపొరుగన్నమాట.

కాబట్టి రాయి కొనేటప్పుడు చేత్తో ఎత్తి చూడండి. లీటరు నీటికి వంద నుంచి రెండొందల గ్రాముల రాయి అని పాత లెక్కొకటుంది కానీ, నన్నడిగితే దాన్ని పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. గుల్లగా, చూపుకు పెద్దగా ఉండి చేతికి తేలిగ్గా తగిలేదే మంచిది. బండలా బరువైనదాంట్లో రంధ్రాలు తక్కువ.

రాళ్లతోనే తొట్టి నీటిని బాగుంచే ఈ పద్ధతిని లోకానికి చాటినవాళ్లలో జకార్తాకు చెందిన లీ చిన్ ఎంగ్ ముఖ్యుడు. ఆయన 1961లో ఒక అమెరికన్ పత్రికలో దీని గురించి రాశాడు. తొట్టిలో సముద్రపు రాళ్లు, సముద్రపు నీరు, ఎండ, సన్నగా గాలిబుడగలు, అంతే ఆయన సరంజామా.

దుకాణానికి రాళ్లు తడి కాగితాల్లో చుట్టి, పెట్టెల్లో, విమానాల్లో వస్తాయి. దారిలోనే వాటిమీది జీవుల్లో కొన్ని చచ్చిపోతాయి. గాలి సోకితే తట్టుకోలేని స్పంజికలు అందులో ముందుంటాయి. అలాంటి రాయిని నేరుగా చేపలున్న తొట్టిలో పెడితే కుళ్లు మొదలై అమ్మోనియా ఎగబాకుతుంది. అందుకే ముందు క్యూరింగ్ చేస్తారు. వేరే డ్రమ్ములో, లీటరుకు 35 గ్రాముల చొప్పున మెరైన్ సాల్ట్ (అక్వేరియంల కోసం అమ్మే ఉప్పు) కలిపిన నీటిలో (వంటింటి ఉప్పు పనికిరాదు), 25 డిగ్రీల వేడి దగ్గర, పంపుతో నీరు గట్టిగా తిరిగేలా, వెలుతురు లేకుండా ఉంచుతారు. తెల్లగా జిగురుగా మారిన చోట్ల పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, మధ్యమధ్య నీళ్లు మారుస్తారు. మొదట్లో మురిగిన కోడిగుడ్ల కంపు కొడుతుంది, ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి పెట్టుకోవడం మంచిది. కొన్ని వారాలకు ఆ కంపు పోయి, టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపిస్తే రాయి సిద్ధం. తొట్టిలో ఇసుక పోయకముందే రాళ్లను గాజు అడుగున కుదురుగా పేర్చాలి. ఇసుక మీద పేరిస్తే, కింద తవ్వే చేపలవల్ల కుప్ప ఒరిగి గాజు పగలొచ్చు.

ఏదైనా శుభ్రం కావాలంటే మరగబెట్టడం మనకు అలవాటు. లైవ్ రాక్‌తో ఆ పని ఎట్టి పరిస్థితుల్లోనూ చేయొద్దు. రాళ్లమీద పెరిగే, పగడాలకు చుట్టాలైన కొన్ని జొయాంథిడ్ జీవుల్లో పాలీటాక్సిన్ అనే భయంకరమైన విషం ఉంటుంది. అలాంటి రాళ్లను మరగబెట్టి, ఆ ఆవిరి పీల్చి ఆస్పత్రుల పాలైనవాళ్లున్నారు.

రాయితోపాటు పిలవని చుట్టాలూ వస్తారు. పీకేకొద్దీ పెరిగే ఐప్టేసియా అనే పువ్వులాంటి సముద్రజీవి, రాత్రిళ్లు టక్ టక్ మనిపించే మాంటిస్ రొయ్య వాటిలో కొన్ని. ఇంగ్లండ్‌లోని న్యూకీ పట్టణంలో ఒక ప్రదర్శనశాలలో పగడాలను ఎవరో కొరికేస్తున్నారని 2009లో రాళ్లన్నీ విప్పి చూస్తే నాలుగడుగుల పురుగు బయటపడింది.

మన దేశంలో ఇంకో సంగతి. రాతిపగడాలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. అండమాన్‌లోనో రామేశ్వరం తీరంలోనో దొరికిన చచ్చిన ముక్కను సంచిలో వేసుకొచ్చినా నేరమే. అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఈ చిక్కు తక్కువ. ఫ్లోరిడాలో సహజమైన రాళ్లను తీయడం నిషేధించాక, గనుల్లో తవ్విన సున్నపురాయిని లీజుకు తీసుకున్న సముద్ర జాగాల్లో పడేసి, జీవులు పట్టాక పైకి తీసి అమ్ముతున్నారు. ఇక్కడున్నవాళ్లు కృత్రిమంగా చేసిన, జీవుల్లేని పొడిరాళ్లు, సీసాల్లో అమ్మే బాక్టీరియాతో మొదలుపెట్టడమే మేలు. పురుగుల బెడద ఉండదు, కాకపోతే తొట్టి నిలదొక్కుకోవడానికి నెలలు పడుతుంది. మొదట గోధుమరంగు డయాటమ్‌లు (పూతలా పట్టే సూక్ష్మమైన నాచు), తర్వాత జుట్టులాంటి పచ్చ నాచు వచ్చి చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది. అప్పుడు విసుగుపుట్టి రాళ్లన్నీ తీసి మంచినీళ్లతో కడిగితే పట్టిన బాక్టీరియా కూడా చాలామటుకు చచ్చి, పని మళ్లీ మొదటికొస్తుంది.

పరీక్షలో అంతా సున్నా వచ్చిందని ఒకేరోజు అరడజను చేపలు వేయకండి. బాక్టీరియా తనకు అందే అమ్మోనియాను బట్టే పెరుగుతుంది. ముందు ఒక చిన్న చేప వేసి, రెండు మూడు వారాలు నీటిని పరీక్షిస్తూ ఉండి, అమ్మోనియా కదలకపోతే రెండోదాన్ని తెచ్చుకోవచ్చు.