పిట్టల కోసం అద్దెకు వరి మళ్లు

అమెరికాలోని నార్త్ కరోలినాలో ఒక జాతి వడ్రంగి పిట్ట ముదిరిన పైన్ చెట్లకే తొర్ర పెడుతుంది, అదీ చెట్టు బతికుండగానే. అంతరించిపోతున్న జీవుల కోసం 1973లో వచ్చిన చట్టం ప్రకారం, ఆ పిట్ట చేరిన తోటలో చెట్లు కొట్టడానికి ఆంక్షలు వస్తాయి. దాంతో కొందరు యజమానులు చెట్లు ముదరకముందే నరికించేశారు. పిట్ట వస్తే నష్టం తప్ప పైసా లాభం లేనప్పుడు వాళ్లొక్కరినే తప్పుపట్టలేం. 1995 నుంచి ప్రభుత్వం ఒప్పందం చేసుకున్నవాళ్లకు, కొత్తగా వచ్చే పిట్టల వల్ల అదనపు ఆంక్షలు ఉండవని హామీ ఇవ్వడం మొదలుపెట్టింది. భయం కొంత తగ్గింది.

భయం పోగొట్టడంతో ఆగకుండా, పిట్ట వల్ల రైతు చేతికి డబ్బు వచ్చే దారి కాలిఫోర్నియాలో దొరికింది. అక్కడి సెంట్రల్ వ్యాలీలో ఒకప్పటి చిత్తడి నేలల్లో 90 శాతానికి పైగా సాగు కిందికీ ఊళ్ల కిందికీ పోయాయి. అలాస్కాకూ దక్షిణ అమెరికాకూ మధ్య తిరిగే వలస పక్షులకు ఇప్పుడు ఉత్తరాన శాక్రమెంటో లోయలోని వరి మళ్లే పెద్ద ఆధారం. గడ్డి తగలబెట్టడాన్ని 1991 చట్టం క్రమంగా కట్టడి చేశాక, కోత అయ్యాక మళ్లకు నీళ్లు పెట్టి గడ్డిని కుళ్లబెట్టడం అక్కడ అలవాటైంది. బాతులకు అది కలిసొచ్చింది. చిక్కల్లా ఫిబ్రవరిలోనే. తర్వాతి పంటకు నేల ఆరాలని రైతులు నీళ్లు తీసేస్తారు. ఉల్లంకి జాతి పిట్టలు ఉత్తరానికి మళ్లే కాలమూ అదే. వాటివి పొట్టి కాళ్లు కాబట్టి కొద్ది అంగుళాల నీళ్లు, కింద బురద ఉంటే చాలు.

కొన్ని వారాల అవసరానికి భూమి కొనడం దండగ. అందుకే ప్రకృతి పరిరక్షణకు పనిచేసే ది నేచర్ కన్సర్వెన్సీ సంస్థ 2014లో బర్డ్‌రిటర్న్స్ పేరుతో టెండర్ పిలిచింది: ఇన్ని వారాలు నీళ్లు ఉంచడానికి మీకు ఎంత కావాలో మీరే చెప్పండి. నాకు ఇందులో బాగా నచ్చింది ఆ ప్రశ్నే. ఏ మడి ఆలస్యంగా ఆరుతుందో, దుక్కి వెనకబడితే ఎంత నష్టమో రైతుకు తెలిసినంతగా ఆఫీసులో కూర్చున్నవాళ్లకు తెలియదు. ఒకటే రేటు పెడితే కొందరికి ఎక్కువ ముడుతుంది, మిగతావాళ్లు అసలు ముందుకు రారు.

తక్కువ కోట్ చేసినవాళ్లనే ఎంచలేదు. ఏ వారం, ఏ ప్రాంతానికి పిట్టలు రావొచ్చో ఈబర్డ్ అనే ఆన్‌లైన్ వేదికలో పక్షి ప్రేమికులు తాము చూసిన పక్షుల గురించి నమోదు చేసిన వివరాలతో అంచనా కట్టి, పెట్టే డబ్బుకు ఎక్కువ మేలు ఎక్కడుందో చూశారు. మొదటి ఏడాదే దాదాపు 10 వేల ఎకరాల్లో నీళ్లు నిలిచాయి. 2017లో వెలువడిన అధ్యయనం ప్రకారం, పథకంలో లేని మళ్లతో పోలిస్తే ఇక్కడ ఈ పిట్టల సాంద్రత సగటున ఐదు రెట్లు, జాతుల సంఖ్య మూడు రెట్లకు పైగా ఉంది.

అయినా అద్దె అద్దే. డబ్బు ఆగిపోతే రైతు ఎప్పట్లాగే గండి కొట్టుకుంటాడు, అది అతని హక్కు. కరువు ఏడాది నీటి విలువ పెరుగుతుంది, దాంతోపాటు కోట్ చేసే రేటూ పెరుగుతుంది. పిట్టలకు మరే చోటా నీళ్లు దొరకనిది కూడా ఆ ఏడాదే. అందుకే ప్రభుత్వ సంరక్షణ కేంద్రాల్లో శాశ్వతంగా ఉండే చిత్తడి నేలలకు ఈ టెండర్లు తోడు కాగలవే గానీ, వాటి స్థానం తీసుకోలేవు.