వెనక్కి కట్టుకున్న చేతులు

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డను వెచ్చగా ఉంచే వార్మర్ దగ్గరికి మొదటిసారి వచ్చిన తల్లి చాలామటుకు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడుతుంది. బిడ్డ వైపు వంగుతుంది. కళ్ళు తుడుచుకోవడానికి ఒక చెయ్యి ముందుకొస్తుంది, మళ్ళీ వెనక్కి వెళ్ళిపోతుంది. బరంపురంలో పసిపిల్లల ఫిజియోథెరపిస్టుగా నేను బిడ్డ కంటే ముందు ఆ చేతుల్ని చూస్తాను.

మా దగ్గరికి వచ్చేవాళ్ళలో తెలుగువాళ్ళు చాలామంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు బరంపురం, పర్లాకిమిడి మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఇటు వచ్చాయి. ఇళ్ళలో మాట మాత్రం తెలుగుగానే ఉండిపోయింది. పట్టు నేసే వీధుల నుంచి, గోపాల్‌పూర్ తీరంలోని వాడబలిజల ఇళ్ళ నుంచి, సరిహద్దు అవతల ఇచ్ఛాపురం నుంచి కూడా బిడ్డల్ని తెస్తారు.

"ముట్టుకుంటే ఏటవుద్దో అని బయమేస్తందమ్మా" అంది ఒకామె. 31 వారాలకే పుట్టిన ఆమె కూతురు కిలోన్నర కూడా లేదు. గొట్టాలు, వైర్లు, మానిటర్ కూత, "ముట్టుకోకండి" అన్న మాట, అన్నీ కలిసి ఆ బిడ్డ ఆసుపత్రిదనీ, తాను చూసిపోవడానికి వచ్చిన మనిషిననీ ఆమెకు నేర్పేశాయి. నేను మొదట్లో పనిచేసిన ఒక చోట తల్లులకు రోజుకు పది నిమిషాలే లోపలికి అనుమతి. డిశ్చార్జి రోజున బిడ్డను ఒళ్ళో పెడితే ఎలా పట్టుకోవాలో తెలియక నర్సు ముఖంలోకి చూసిన తల్లులు నాకు ఇప్పటికీ గుర్తున్నారు. వాళ్ళకు ప్రేమ తక్కువై కాదు, చేతులకు అలవాటు లేక.

మోకాళ్ళ నొప్పులు, పక్షవాతం చూసే ఫిజియోథెరపిస్టుకు అక్కడేం పని అని అడిగేవాళ్ళున్నారు. చెప్పాలంటే కడుపులోని చోటు దగ్గర మొదలుపెట్టాలి.

నెలలు నిండేకొద్దీ గర్భంలో జాగా ఇరుకవుతుంది. బిడ్డ మోకాళ్ళు పొట్టకు, చేతులు నోటి దగ్గరకు ముడుచుకుంటాయి. తన్నినప్పుడల్లా గర్భసంచి గోడ మెత్తగా ఎదురునొక్కుతుంది. దాదాపు 28వ వారం నుంచి 40వ వారం దాకా కండరాల బిగువు కాళ్ళలో మొదలై పైకి ఎక్కుతూ వస్తుంది. ముందే పుట్టేసిన బిడ్డకు ఆ బిగువూ రాలేదు, ఆ గోడా లేదు. నేల ఆకర్షణకు ఒళ్ళు పరుపు మీద పరుచుకుపోతుంది: కాళ్ళు కప్పలా విడిపోతాయి, చేతులు చెరో పక్క పడిపోతాయి. వారాల తరబడి అలాగే ఉంటే భుజాలు, తుంట్లు ఆ వాటానికే బిగుసుకుంటాయి. అంతకంటే నాకు బాధ కలిగించేది ఇంకొకటి. చెయ్యి నోటికి అందదు. తనను తాను ఊరడించుకునే మొదటి దారి అలా మూసుకుపోతుంది.

అందుకే మెత్తటి బట్టల్ని చుట్టి బిడ్డ చుట్టూ గూడు కడతాం. పాదాలు దేనికో ఒకదానికి ఆనాలి, చేతులు ఛాతీ మీద కలవాలి. మామ్మలకు ఇది చెప్పడం చాలా సులువు. కాళ్ళు చాపుకుని, ఆ రెండు కాళ్ళ నడుమ పల్లంలో బిడ్డను పడుకోబెట్టి నీళ్ళు పోసిన చేతులు వాళ్ళవి. "మీ కాళ్ళ మధ్య సంటిపిల్ల ఎలా ఒదిగేది మామ్మా, ఇదీ అంతే" అంటే వెంటనే పట్టేస్తారు. నూనె పట్టించి గట్టిగా మర్దనా చెయ్యడం, నీళ్ళు పోయడం మాత్రం ఇప్పుడే వద్దని బతిమాలతాను. ఆ చర్మం ఉల్లిపొర లాంటిది, ఆ ఒళ్ళు ఇట్టే చల్లబడిపోతుంది.

తరువాత నేర్పేది బిడ్డ మాట వినడం. ఏడ్చే ఓపిక కూడా లేని బిడ్డ ఒంటితో మాట్లాడుతుంది. వేళ్ళు చీపురు పుల్లల్లా విచ్చుకుంటే, వీపు విల్లులా వంగితే, ఎక్కిళ్ళు వస్తే, రంగు మారితే, చూపు పక్కకు తిప్పుకుంటే, ఇక చాలు అని అర్థం. ఆవలింతలు, తుమ్ములు వరసగా వచ్చినా చాలాసార్లు అదే. చెయ్యి ముఖం దగ్గరకు తెచ్చుకోవడం, నీ వేలిని పట్టుకోవడం, పాదం గూటి గోడకు ఆనించుకోవడం, ముఖం సడలి కళ్ళు నిలవడం, ఇవి రమ్మనే గుర్తులు. అమెరికాలో హైడెలీస్ ఆల్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1982లో ఈ గుర్తుల్ని ఒక సిద్ధాంతంగా కూర్చారు. అంతకుముందు ఇవన్నీ అర్థంలేని కదలికలుగా కనిపించేవి. ఇప్పుడు వాటిని చదవడం తల్లికి రెండు మూడు రోజుల్లో వచ్చేస్తుంది. చార్టు చూసి చెప్పే మాకంటే ఆమెకు త్వరగా వస్తుంది, ఎందుకంటే ఆమె కళ్ళు ఒకే బిడ్డ మీద ఉంటాయి.

ఇక చెయ్యి వెయ్యడం. అందరూ మొదట చేసేది వేలి కొసతో నిమరడం. నెలలు నిండని బిడ్డకు అది చక్కిలిగింతలా చిరాకు. కదలని చెయ్యి కావాలి. అరచేతులు రుద్దుకుని వెచ్చబరిచి, ఒకటి తల మీద, ఒకటి ముడిచిన పాదాల కింద పెట్టి, బరువు మోపకుండా, ఊరికే ఉంచాలి. మడమకు సూది గుచ్చి రక్తం తీసేటప్పుడు ఇలా పట్టుకుంటే నొప్పికి బిడ్డ అల్లాడడం తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది. ఆ సూది వేళకు తల్లినో తండ్రినో బయటకు పంపకూడదని నేను వాదించేది అందుకే.

గోపాల్‌పూర్ వైపు నుంచి వచ్చిన ఒక తండ్రి, చేపల వేటకు వెళ్ళే మనిషి, తాడు లాగి లాగి గరుకెక్కిన అరచేతులు చూపించి, "ఈ సేతుల్తోనా?" అన్నాడు. నేను చెప్పింది విని కాసేపు ఆలోచించి, "గాలం తాడు పట్టుకున్నట్టమ్మా. మనం లాక్కూడదు, అది లాగితే తెలవాల" అన్నాడు. అప్పటి నుంచి ఎవరికి నేర్పినా ఆయన మాటే వాడుతున్నాను.

కంగారూ సంరక్షణ అనే పేరు చాలామంది వినే ఉంటారు. 1978లో కొలంబియా రాజధాని బొగొటాలో ఇంక్యుబేటర్లు చాలక ఎడ్గార్ రే సనాబ్రియా అనే వైద్యుడు మొదలుపెట్టారు. డైపరు, టోపీ తప్ప బట్టల్లేని బిడ్డను తల్లి రొమ్ముల మధ్య నిలువుగా, చర్మానికి చర్మం ఆనేలా కట్టి ఉంచడమే అది. మొదట బిడ్డ నిలకడ పడ్డాకే చేసేవారు. తరువాత భారత్‌తో సహా 5 దేశాల్లో, 1 నుంచి 1.8 కిలోల లోపు బరువుతో పుట్టిన 3,211 మంది పిల్లల మీద పెద్ద అధ్యయనం జరిగింది. పుట్టిన వెంటనే మొదలుపెట్టినవాళ్ళలో 28 రోజుల లోపు మరణాలు 12 శాతం, ఆగి మొదలుపెట్టినవాళ్ళలో 15.7 శాతం. ఫలితాలు 2021లో వెలువడ్డాయి. ఆ మరుసటి ఏడాదే ప్రపంచ ఆరోగ్య సంస్థ, పుట్టిన వెంటనే మొదలుపెట్టి రోజుకు 8 నుంచి 24 గంటలు చెయ్యాలని సిఫారసు చేసింది. వెయ్యి మందిలో 37 ప్రాణాలు, తల్లి గుండె మీద ఉన్నందుకు. ఈ లెక్క నేను ఎన్నిసార్లు చదివినా గొంతు పట్టేస్తుంది.

అందులో మా పని చిన్నది, కానీ మెడ దగ్గర ఉంటుంది. తల ఒక పక్కకు తిరిగి, గడ్డం ఛాతీకి ఆనకుండా కొంచెం పైకి ఉండాలి. లేకపోతే గాలి దారి మడతపడుతుంది. మోకాళ్ళు ముడిచి తల్లి పొట్టకు ఆనాలి. ఆపరేషన్ కుట్లున్న తల్లికి నడుము వెనక, మోచేతుల కింద దిండ్లు పెట్టాలి, లేకపోతే అరగంటకే లేస్తానంటుంది.

ఇళ్ళలో ఇంకో చిక్కు వస్తుంది. పురుడు వెళ్ళాక ముట్టుకుంటాం అంటారు తండ్రులు, నాయనమ్మలు. నేను మైలను గురించి వాదించను. బాలింతను ఒక గదిలో ఉంచి, బయటివాళ్ళు రాకుండా చూసి, బిడ్డతోనే ఉండనిచ్చేదే కదా పురుడంటే, కంగారూ సంరక్షణకు కూర్చునే ఈ కుర్చీయే ఆ గది అనుకోండి అంటాను. చాలామంది ఒప్పుకుంటారు. ఒప్పుకోని తండ్రితో బిడ్డకు మాటలు చెప్పిస్తాను, తల్లితో ఎలాగూ చెప్పిస్తాను. పుట్టి మూడు రోజులు నిండని పిల్లలు కూడా తల్లి గొంతు వినడం కోసం చప్పరించే తీరు మార్చుకున్నారని 1980లోనే అమెరికాలో తేల్చారు. మా వార్డులో నర్సులది ఒడియా, మిషన్లది కూత. కడుపులో ఉండగా విన్న తెలుగు ఆ అమ్మ దగ్గరే దొరకాలి. గూటి మీదికి వంగి, గొంతు తగ్గించి, ఏదైనా చెప్పమంటాను. కొందరు పొలం సంగతులు చెబుతారు.

మా వృత్తి ఇక్కడికి తేలిగ్గా రాలేదు. ఒకప్పుడు కఫం కదలడానికి పసిపిల్లల ఛాతీని తట్టడమే ప్రధానమైన పని. నెలలు బాగా తక్కువగా పుట్టి మెదడు దెబ్బతిన్న కొందరు పిల్లలకు మిగతావాళ్ళకంటే ఆ చికిత్స ఎక్కువసార్లు జరిగిందని, తట్టేటప్పుడు తల అదరడం కారణమై ఉండవచ్చని 1998లో న్యూజిలాండ్ వైద్యులు ప్రచురించారు. అది చదివిన రోజు నా చేతులు నేను వెనక్కి కట్టుకున్నాను. ఎంత తక్కువ ముట్టుకోవాలి, ఆ తక్కువ కూడా ఎవరు ముట్టుకోవాలి అన్నది అప్పటి నుంచి నా ప్రశ్న.

ఇంటికి వెళ్ళాక తల్లి కళ్ళే మాకు ఆధారం. కాన్పు గడువు తేదీ నుంచి లెక్కేస్తే మూడు నెలల ప్రాయంలో, ఆరోగ్యంగా ఉన్న బిడ్డ వెల్లకిలా పడుకుని మెలకువగా ఉన్నప్పుడు ఒళ్ళంతా చిన్న చిన్న కదలికలు మెరుస్తూ ఉంటాయి. ఆ వయసులో అవి కనబడకపోతే సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతిని ఒంటి కదలికలు అదుపులో లేకపోవడం, వచ్చే అవకాశం ఎక్కువ, వెంటనే వ్యాయామం మొదలుపెట్టాలి. మూడు నిమిషాల ఫోన్ వీడియో పంపమంటాం. ఏడుస్తున్నప్పుడు, పాలపీక నోట్లో ఉన్నప్పుడు తియ్యకూడదు. ఎప్పుడు తియ్యాలో వార్డులో గుర్తులు నేర్చుకున్న తల్లికి వేరే చెప్పక్కర్లేదు.

మొదట చెప్పిన ఆమె, భయమేస్తోందన్నామె, పద్దెనిమిదో రోజున కంగారూ కుర్చీలో ఉంది. నేను బిడ్డ భుజం సర్దుదామని వంగి చెయ్యి చాపాను.

"ఆగండమ్మా" అంది. "యేళ్ళు ఇచ్చుకున్నాయి, సూడండి. కాసేపాగి రండి."

నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను.