టాస్క్ మేనేజర్‌లో పేరు తెలియనిదల్లా వైరస్సేనా? అపోహలు - వాస్తవాలు

పాలకొల్లులో కంప్యూటర్లు బాగుచేస్తుంటాను. రైసుమిల్లు గుమస్తాలు, రొయ్యల మేత డీలర్లు, జిరాక్స్ షాపులవాళ్ళు సిస్టమ్ కాస్త నెమ్మదించగానే టాస్క్ మేనేజర్‌ని (నడుస్తున్న ప్రోగ్రాములన్నీ చూపే విండో) ఫొటో తీసి వాట్సాప్ చేస్తారు. "ఇదేంటండీ, ఎప్పుడూ చూళ్ళేదు, వైరస్సేనంటారా?" అని. పేరు చూసి ఏదీ తేలదు. అదెక్కడుందో, దాన్ని ఎవరు నడిపిస్తున్నారో చూడాలి.

అపోహ: ఎస్‌వీసీహోస్ట్ (svchost.exe) డజన్లకొద్దీ నడుస్తోందంటే వైరస్ పట్టినట్టే.

వాస్తవం: విండోస్ సర్వీసుల్లో (తెరవెనక నడిచే పనులు) చాలావరకు డీఎల్ఎల్ ఫైళ్ళు (వేరే ప్రోగ్రామ్ వాడుకునే కోడ్ ఫైళ్ళు), సొంతంగా నడవలేవు. వాటిని నడిపేదే ఎస్‌వీసీహోస్ట్. ఇదివరకు ఒక్కోదాంట్లో నాలుగైదు సర్వీసులు సర్దుకునేవి, ఒకటి పడిపోతే మిగతావీ పడేవి. 2017 నాటి విండోస్ 10 క్రియేటర్స్ అప్‌డేట్ నుంచి, 3.5 జీబీకి మించి ర్యామ్ ఉంటే చాలా సర్వీసులకు దేని ఎస్‌వీసీహోస్ట్ దానికే. అందుకే అన్ని వరసలు. అనుమానమొస్తే రైట్ క్లిక్ చేసి 'ఓపెన్ ఫైల్ లొకేషన్' నొక్కండి. విండోస్‌లోని సిస్టమ్32 తెరుచుకుంటే సరే. టెంప్‌లోనో, డౌన్‌లోడ్స్‌లోనో తేలితే అది దొంగే. స్పెల్లింగ్ కూడా చూడండి, 'వీ', 'సీ' అటూ ఇటూ చేసి 'ఎస్‌సీవీహోస్ట్' (scvhost) పేరుతో తిరిగేవి ఉన్నాయి.

అపోహ: సిస్టమ్32లో ఉండి, మైక్రోసాఫ్ట్ డిజిటల్ సంతకం (ఫైలు ఎవరిదో చూపే ముద్ర) కూడా ఉంటే ఇక భయం లేదు.

వాస్తవం: నా దగ్గరికి ఎక్కువగా వచ్చే కేసులు సరిగ్గా ఇక్కడివే. ప్రింటు కోసం నెట్ సెంటర్‌లో పెట్టిన పెన్‌డ్రైవ్ ఇంటికొచ్చేసరికి లోపలి ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లైపోతాయి. టాస్క్ మేనేజర్‌లో డబ్ల్యూస్క్రిప్ట్ (wscript.exe, స్క్రిప్టులనే కమాండ్ల ఫైళ్ళను నడిపేది) కనబడుతుంది. అది నిఖార్సైన మైక్రోసాఫ్ట్ ఫైలే, సంతకమూ సరైనదే. అది చదువుతున్న స్క్రిప్టే దొంగది. డీటెయిల్స్ ట్యాబ్‌లో కాలమ్ పేర్ల మీద రైట్ క్లిక్ చేసి, 'సెలెక్ట్ కాలమ్స్'లో 'కమాండ్ లైన్'కి టిక్ పెట్టండి. యాప్‌డేటాలో ఏ వింతపేరు వీబీఎస్ ఫైలు (ఒకరకం స్క్రిప్టు) నడుస్తోందో అక్కడ బయటపడుతుంది. ముందు ప్రాసెస్ ఆపండి, తర్వాత ఆ ఫైలు తీసేయండి, ఆపైన ఆటోరన్స్ అనే మైక్రోసాఫ్ట్ టూల్‌తో స్టార్టప్ ఎంట్రీ (సిస్టమ్ ఆన్ కాగానే దాన్ని నడిపించేది) కూడా తీసేయండి. ఈ వరస తప్పితే డిలీట్ చేసింది మళ్ళీ పుట్టుకొస్తుంది.

ఒక చెరువుల ఆసామి పెన్‌డ్రైవ్ పట్టుకుని "ఆయ్, పాస్‌బుక్ స్కాన్లన్నీ పోయినట్టేనాండి?" అంటూ వచ్చారు. పోలేదు, ఆ వైరస్ వాటిని దాచిందంతే. కమాండ్ ప్రాంప్ట్‌లో అట్రిబ్ కమాండుతో హిడెన్, సిస్టమ్ గుర్తులు తీసేస్తే ఫోల్డర్లన్నీ కళ్ళముందుకొచ్చాయి. ఫార్మాట్ మాత్రం కొట్టకండి బాబూ.

అపోహ: సిస్టమ్ ఐడిల్ ప్రాసెస్ 95 శాతం సీపీయూ తినేస్తోంది.

వాస్తవం: ప్రాసెసర్ అంతమేర ఖాళీగా ఉందని దానర్థం. సంతోషించండి.

అపోహ: సిస్టమ్‌ని బరువెక్కించే ప్రాసెస్‌కి 'ఎండ్ టాస్క్' కొడితే సరిపోతుంది.

వాస్తవం: సీఎస్ఆర్ఎస్ఎస్ (csrss.exe, విండోస్ నడవడానికి తప్పనిసరైనది) లాంటిదాన్ని బలవంతంగా ఆపితే బ్లూ స్క్రీనే. యాంటీమాల్వేర్ సర్వీస్ ఎగ్జిక్యూటబుల్ అంటే విండోస్ డిఫెండర్, స్కాన్ అయ్యేదాకా ఆగండి. గంటలకొద్దీ డిస్క్ 100 శాతం దగ్గరే ఉంటే రిసోర్స్ మానిటర్‌లో డిస్క్ ట్యాబ్ చూడండి. చదివేది, రాసేది కొంచెమే అయినా రెస్పాన్స్ టైమ్ వేల మిల్లీసెకండ్లలో ఉంటే నేను ప్రాసెస్‌ల జోలికి పోను, హార్డ్ డిస్క్‌నే అనుమానిస్తాను. కరెంటు ఉన్నట్టుండి పోయే ఊళ్ళలో యూపీఎస్ లేని సిస్టమ్‌లైతే మరీను. ముందు ట్యాలీ డేటా వేరేచోట కాపీ చేసుకోండి, మిగతా రిపేరు తర్వాత.

ఇంకా తేలకపోతే మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్ ఉంది, టాస్క్ మేనేజర్ లాంటిదే. ఆప్షన్స్‌లో వైరస్‌టోటల్ (ఫైలును చాలా యాంటీవైరస్‌లతో పరీక్షించే సైటు) తనిఖీ ఆన్ చేస్తే ప్రతి ప్రాసెస్ పక్కనా ఎన్ని యాంటీవైరస్‌లు తప్పుపట్టాయో వస్తుంది. ఇరవై పైన ఉంటే ఆలోచించే పనిలేదు, తీసేయండి. ఒకటో రెండో అంటే, ముఖ్యంగా ఊళ్ళో కుర్రాడితో రాయించుకున్న బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మీదైతే, తీసేముందు ఆ కుర్రాడికి ఓసారి ఫోన్ చేయండి.