మెయిల్ ప్రోగ్రాముకు చదివినవి గుర్తుంటాయి, ఆగిన చోటు కాదు

మూడు వారాల కిందటి ఉత్తరం ఒకటి వెతికి తీసి చదువుతున్నారు. పొడవైన సంభాషణ, ఏడో జవాబు దగ్గర ఉన్నారు. అంతలో కంప్యూటర్ ఆపక తప్పలేదు. మర్నాడు మెయిల్ ప్రోగ్రాము తెరిస్తే ఇన్‌బాక్స్ పైన కొత్త ఉత్తరాలు బొద్దు అక్షరాలతో వరుస కట్టి ఉంటాయి. నిన్నటి ఉత్తరం ఏ ఫోల్డర్లో ఉందో, ఏ మాట కొట్టి దాన్ని పట్టుకున్నారో మళ్లీ మీరే గుర్తు తెచ్చుకోవాలి. బ్రౌజర్ అయితే నిన్నటి ట్యాబులన్నీ తెచ్చి ముందు పరుస్తుంది. మెయిల్‌కే ఎందుకీ మతిమరుపు?

మతిమరుపు అనడం కొంత అన్యాయమే. ఏది చదివారో, దేనికి జవాబిచ్చారో, ఏది తీసేశారో దానికి ఏళ్ల తరబడి గుర్తుంటుంది. గుర్తుండనిది మీ చూపు నిలిచిన చోటు. ఈ రెండూ వేర్వేరన్న సంగతిని మెయిల్‌ను తీర్చిదిద్దినవాళ్లు చాలాకాలం పట్టించుకోలేదు.

దీనికి పాత ఉదాహరణ మెయిల్ పక్కింట్లోనే, యూజ్‌నెట్ చర్చా సమూహాల్లో, దొరుకుతుంది. లారీ వాల్ 1984లో విడుదల చేసిన ‘ఆర్ఎన్’ లాంటి రీడర్లు, అంటే ఆ చర్చలను చదివే ప్రోగ్రాములు, మన సొంత ఫైళ్లుండే హోమ్ డైరెక్టరీలో ‘డాట్ న్యూస్‌ఆర్‌సీ’ అనే చిన్న ఫైలును వాడుకునేవి. సమూహానికి ఒక వరుస. ముందు సమూహం పేరు, తర్వాత రెండు చుక్కలు, ఆపైన ‘1-1523,1530’ లాంటి అంకెలు. అంటే 1523 వరకు అయిపోయాయి, మధ్యలో ఆరు వదిలేశారు, 1530 మాత్రం చదివారు. సమూహం నుంచి తప్పుకుంటే రెండు చుక్కల స్థానంలో ఆశ్చర్యార్థకం వచ్చేది. సర్వర్ పని వచ్చినవాటికి అంకె వేయడం వరకే, జ్ఞాపకం మాత్రం పాఠకుడి సొత్తు. మళ్లీ చదవాలనిపిస్తే ఫైలు తెరిచి 1523ను 1400గా దిద్దుకుంటే సరిపోయేది. ఇంత పారదర్శకమైన ‘ఆగిన చోటు’ మళ్లీ రాలేదని నా అభిప్రాయం. చిక్కల్లా రెండో కంప్యూటర్‌తోనే. అక్కడ ఇంకో ఫైలు, ఇంకో లెక్క.

మెయిల్ ఇంకో దారి పట్టింది. కర్ట్ షోన్స్ 1978లో బర్కిలీ యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ కోసం రాసిన ‘మెయిల్’ ప్రోగ్రాములో ‘క్యూ’ నొక్కి బయటికొస్తే చదివిన ఉత్తరాలు సొంత డైరెక్టరీలోని ‘ఎంబాక్స్’ ఫైలులోకి వెళ్లిపోయేవి, చదవనివి పెట్టెలోనే మిగిలేవి. ‘ఎక్స్’ నొక్కితే ఏదీ కదిలేది కాదు. మళ్లీ తెరిచినప్పుడు బాణం గుర్తు మొదటి కొత్త ఉత్తరం దగ్గర నిలిచేది. పెట్టెలో మిగిలినదంతా చేయాల్సిన పనే కాబట్టి, ఆగిన చోటు గురించి వేరే ఆలోచించాల్సిన అవసరం లేకపోయింది. తర్వాతి కాలంలో ఈ గుర్తులు ఉత్తరం తలభాగంలోకే ఎక్కాయి. ‘స్టేటస్’ అనే వరుసలో ‘ఆర్’ ఉంటే చదివినది, ‘ఓ’ ఉంటే పాతది.

వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో 1989లో మొదలైన పైన్ ప్రోగ్రాము ఈ ఆలోచనను సెట్టింగుల్లోనే బయటపెడుతుంది. ఇన్‌బాక్స్ తెరవగానే గుర్తు ఎక్కడ నిలవాలో మనమే చెప్పవచ్చు. మొదటి చదవని ఉత్తరం మీదా, మొదటి కొత్త దాని మీదా, ముఖ్యమని గుర్తు పెట్టిన దాని మీదా, మొట్టమొదటి దాని మీదా, చిట్టచివరి దాని మీదా అంటూ వరుసగా అడుగుతుంది. ‘నేను కిందటిసారి ఆగిన దాని మీద’ అనే వీలు మాత్రం ఆ జాబితాలో లేదు. మెయిల్ తెరిచేది కొత్తవి చూడటానికే అన్న నమ్మకం అంత గట్టిది.

ఈలోగా ఉత్తరాలు సర్వర్‌లో, చదివే ప్రోగ్రాము ఇంకో యంత్రంలో ఉండే రోజులు వచ్చాయి. సర్వర్ నుంచి ఉత్తరాలు తెచ్చుకునే పద్ధతుల్లో ఒకటి పాప్. ఇంటర్నెట్ పద్ధతులను వివరించే పత్రాలను ఆర్ఎఫ్‌సీలంటారు. 1988లో ఆర్ఎఫ్‌సీ 1081గా వచ్చిన పాప్ మూడో రూపంలో ‘లాస్ట్’ అనే ఆజ్ఞ ఉండేది. ఇంతవరకు తీసి చూసిన ఉత్తరాల్లో అన్నిటికన్నా పెద్ద సంఖ్య ఏదని దాంతో సర్వర్‌ను అడగవచ్చు. వినడానికి మనకు కావలసినది అదే. అయితే పాప్‌లో ఉత్తరాల సంఖ్యలు ప్రతిసారీ కొత్తగా వేసేవి. నాలుగు ఉత్తరాలు తీసేస్తే నిన్నటి పన్నెండోది ఇవాళ ఎనిమిదోది కావచ్చు. 1994లో ఆర్ఎఫ్‌సీ 1725 వచ్చేసరికి ‘లాస్ట్’ను తీసేసి, ఒక్కో ఉత్తరానికి మారని గుర్తింపు ఇచ్చే ‘యూఐడీఎల్’ను పెట్టారు. ఏది ఏ ఉత్తరమో తేలింది. ఎక్కడ ఆగారో గుర్తుంచుకునే బాధ్యత మాత్రం మళ్లీ ప్రోగ్రాము నెత్తిన పడింది.

మార్క్ క్రిస్పిన్ 1986లో స్టాన్‌ఫర్డ్‌లో రూపొందించిన ఐమ్యాప్, ఉత్తరాలను సర్వర్‌లోనే ఉంచి చదివే పద్ధతి, ఇంకొంత ముందుకు వెళ్లింది. చదివినది, జవాబిచ్చినది, ముఖ్యమైనది, తీసేయాల్సినది, చిత్తుప్రతి అనే గుర్తులన్నీ సర్వర్‌లోనే ఉంటాయి కాబట్టి ఫోనులో చదివినది కంప్యూటర్‌లోనూ చదివినట్టే కనిపిస్తుంది. వాటి పక్కన ‘రీసెంట్’ అని ఇంకో గుర్తు కూడా ఉండేది, అంటే కిందటి సందర్శన తర్వాత వచ్చినది. పేరు ఆశ పుట్టిస్తుంది గానీ, మొదట తెరిచిన పరికరమే ఆ గుర్తును తన్నుకుపోయేది, రెండో పరికరానికి అవే ఉత్తరాలు పాతవిగా కనిపించేవి. చివరికి 2021లో ఆర్ఎఫ్‌సీ 9051 దాన్ని తొలగించింది. ఇక చూపు నిలిచిన చోటును దాచే గుర్తు ఐమ్యాప్‌లో మొదటినుంచీ లేదు.

కాబట్టి ప్రతి ప్రోగ్రామూ తన జ్ఞాపకాన్ని తానే అల్లుకుంది. మొజిల్లా వారి మెయిల్ ప్రోగ్రాము థండర్‌బర్డ్ ప్రతి ఫోల్డర్‌కూ ఉంచే సూచిక ఫైలులో చివరగా తెరిచిన ఉత్తరం సంఖ్య దాచుకుంటుంది. 2009లో మూడో వెర్షన్‌తో ట్యాబులు వచ్చాక, తెరిచి ఉన్న వాటి జాబితాను ‘సెషన్’ పేరుతో ఇంకో ఫైలులో రాస్తుంది. అందుకే దగ్గరి దారి ఒకటి ఉంది. మళ్లీ కావలసిన ఉత్తరాన్ని జాబితా కింది గడిలో కాకుండా విడి ట్యాబులో తెరిచి ఉంచండి, మర్నాడు అది అక్కడే ఉండే అవకాశం ఎక్కువ. మైక్రోసాఫ్ట్ వారి అవుట్‌లుక్ మొదట్లో ఏ ఫోల్డర్‌తో మొదలవ్వాలో మాత్రమే అడిగేది, కిందటిసారి తెరిచి ఉంచినవి తిరిగి తెరవమంటారా అని అడగడం బాగా ఆలస్యంగా నేర్చుకుంది.

సంఖ్య దాచుకున్నా పని అయిపోదు. ఐమ్యాప్‌లో ప్రతి ఫోల్డర్‌కూ ఒక చెల్లుబాటు అంకె ఉంటుంది. సర్వర్‌లో ఫోల్డర్‌ను మళ్లీ కట్టినప్పుడు ఆ అంకె మారితే, ప్రోగ్రాము దగ్గరున్న పాత సంఖ్యలన్నీ చెల్లవు. పేజీ సంఖ్య జ్ఞాపకం ఉన్నా పుస్తకమే మారిపోయినట్టు. అది మారకపోయినా తొందర ఒక శత్రువు. ప్రోగ్రాము నిన్నటి ఉత్తరం మీద గుర్తు పెట్టేలోపే సర్వర్ నుంచి కొత్తవి దిగుతాయి, జాబితా జరుగుతుంది, కొత్తవాటి దగ్గరికి వెళ్లాలన్న ఇంకో సెట్టింగు పక్కనుంచి లాగుతుంది. తెర మీద మనకు కనిపించేది క్షణకాలం మెరిసి మాయమైన నిన్నటి ఉత్తరం.

ఆగిన చోటే తెరవకపోవడానికి భయం కూడా ఒక కారణం అయ్యుండవచ్చు, అది ఉత్త భయం కాదు. 1999 నవంబరులో బయటపడిన బబుల్‌బాయ్ అనే కంప్యూటర్ పురుగు (వార్మ్) అవుట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ ప్రివ్యూ గడిలో ఉత్తరం కనిపిస్తేనే పనిచేసేది, జోడింపు తెరవనక్కర్లేదు. ఇప్పటికీ బయటి బొమ్మలను అనుమతిస్తే, ఉత్తరం తెరిచిన సంగతి పంపినవాడికి తెలిసిపోవచ్చు. ప్రోగ్రామును కూలదోసే ఉత్తరమైతే మరీ చిక్కు. ఆగిన చోటుకే తీసుకెళ్లడమంటే మళ్లీ కూలిపోవడమే.

రాస్తూ ఆపిన ఉత్తరం కథ వేరు. రాసిన మాట పోతే మనిషి ఊరుకోడు, కాబట్టి ఇక్కడ జాగ్రత్త ఎక్కువ. థండర్‌బర్డ్ మామూలుగా ఐదు నిమిషాలకోసారి డ్రాఫ్టుల్లోకి భద్రపరుస్తుంది. ఆపిల్ 2014లో తెచ్చిన హ్యాండాఫ్‌తో ఫోనులో మొదలుపెట్టిన ఉత్తరాన్ని కంప్యూటర్‌లో కొనసాగించవచ్చు. అయినా దాచిన డ్రాఫ్టును మర్నాడు తెరిచి చూడండి. అక్షరం పొల్లుపోకుండా అంతా ఉంటుంది గానీ, కర్సర్ చాలాసార్లు మొదటి వరుసలో ఉంటుంది. డ్రాఫ్టు కూడా సర్వర్‌లో మామూలు ఉత్తరమే. ఎవరికి, ఏ విషయం, ఏ తేదీ అని చెప్పే వరుసలు దాని తలభాగంలో ఉంటాయి. చేయి ఎక్కడ ఆగిందో రాసుకోవడానికి అక్కడ వరుస లేదు.