ఈమధ్య ఏ పని మానేశారు?

షుగర్ ఎంతుంది, బీపీ ఎంతుంది అని పెద్దవాళ్లను డాక్టర్లూ అడుగుతారు, పిల్లలూ అడుగుతారు. ఈమధ్య ఏ పనులు మానేశారని అడిగేవాళ్లే తక్కువ. మనసు సంగతి ఎక్కువగా బయటపడేది ఆ ప్రశ్నతోనే.

మోకాళ్లు అరిగిన ఒక పెద్దావిడను ఊహించుకోండి. నొప్పిని ఏళ్ల తరబడి ఓర్చుకుంది. మెట్లు దిగలేక రైతుబజారు మానేశాక మాత్రం బేరాల్లేవు, దారిలో పలకరింపుల్లేవు, పూటకి ఏం వండాలో చెప్పే పెత్తనమూ పోయింది. "మీరు కూర్చోండి అత్తయ్యా, మేం తెప్పిస్తాంగా" అంటుంది కోడలు, ప్రేమగానే. ఆ ప్రేమ ఒక్కోసారి జబ్బుకంటే ఎక్కువ చేటు చేస్తుందనిపిస్తుంది నాకు. నడక తగ్గితే తొడ కండరాలు నీరసించి మోకాలికి ఊతం పోతుంది. దిగులు పట్టుకుంటే అదే నొప్పి రెట్టింపుగా తెలుస్తుంది, మాత్రలు వేసుకోబుద్ధి కాదు.

స్నానం, బట్టలు, తిండి లాంటివి సొంతంగా చేసుకోగలరా అని చూసే పట్టికను అమెరికాలో డాక్టర్ సిడ్నీ కాట్జ్ బృందం 1963లో ప్రచురించింది. 1969లో లాటన్, బ్రోడీ అనే పరిశోధకులు ఫోన్ చేయడం, బజారు, డబ్బు లెక్కలు, మందులు వంటి పనులతో మరోటి తయారుచేశారు. మామూలుగా ముందు చేజారేవి ఈ రెండో రకమే.

మన పెద్దవాళ్లు మనసు బాగోలేదని నోరు విప్పి చెప్పడం అరుదు. ఓపిక లేదంటారు, నిద్ర పట్టట్లేదంటారు. వయసు మీద పడింది కదా అని ఇంట్లోవాళ్లూ సరిపెట్టుకుంటారు. పెద్దవయసువాళ్ల ఆరోగ్యం, జీవనం గురించి 2017-18లో దేశమంతటా జరిగిన లాసీ (LASI) సర్వేలో, తమకు డిప్రెషన్ ఉందని డాక్టరు తేల్చినట్టు చెప్పినవారు 60 దాటినవాళ్లలో 0.8 శాతమే. ప్రశ్నావళితో అంచనా వేస్తే 8 శాతం పైనే తేలారు.

గోవాలో దిగులు ఛాయలు కనిపిస్తున్న 181 మంది పెద్దవాళ్లపై ఒక ప్రయోగం జరిగింది. సగంమందితో మామూలు కౌన్సెలర్లు మాట్లాడారు, వాళ్లు మానసిక వైద్యులేం కాదు. ఉన్న సమస్యను ఎలా దాటాలి, నిద్ర ఎలా కుదురుతుంది, షుగర్‌తో ఏ జాగ్రత్తలు, ప్రభుత్వ సాయం ఎలా అందుతుంది, ఇవే కబుర్లు. ఏడాదిలో వాళ్లలో డిప్రెషన్‌లోకి జారింది 4.4 శాతం, మిగతావాళ్లలో 14.4 శాతం. 2019లో వచ్చిన ఫలితాలివి.

కాబట్టి సంచి మోయడానికి మనవణ్ణి తోడిచ్చి, బేరం మాత్రం ఆవిడకే వదిలేయడం చికిత్సకు దూరమైన పనేమీ కాదు. దిగులు రెండు వారాలు దాటినా తగ్గకపోతే మాత్రం డాక్టరుకు చూపించాలి. థైరాయిడ్ లోపం, బీ12 తగ్గడం కూడా అలాగే కనిపిస్తాయి. చావు మాటలు వస్తుంటే అంతవరకూ ఆగకూడదు. మానసిక సాయం కోసం ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలిమానస్ నంబరు 14416, తెలుగులోనే మాట్లాడవచ్చు.