గండికోటకు ముందు ప్రొద్దుటూరు స్టూడియో ఉండేది

గండికోటలో పెన్నా లోయ అంచున పెళ్లికాబోయే జంటలు ఫోటోలు దిగుతుంటే మా కడప వైపు పెద్దవాళ్లు సినిమా పిచ్చి ముదిరిందని విసుక్కుంటారు. నాకేమో మా జేజి (నాయనమ్మ) ప్రొద్దుటూరు స్టూడియోలో దిగిన ఫోటో గుర్తొస్తుంది. పెళ్లైన కొత్తలో పూలజడ వేసుకుని, వెనక నిలువుటద్దంలో జడ కనబడేలా నిలబడి, గడ్డం కింద వేలు పెట్టుకుని పక్కకు చూస్తుంటుంది. ఆ వేలు, ఆ పక్కచూపు ఆమెకు సినిమా నేర్పినవే.

అంతకుముందు తరం ఫోటోలు చూడండి. చేతులు మోకాళ్ల మీద, చూపు సూటిగా, ముఖం బిగుసుకుని ఉంటుంది. పాతకాలపు గాజు ప్లేటు మీద బొమ్మ పడాలంటే కాసేపు కదలకుండా ఉండాలి మరి. వెనక బొమ్మల పరదాలు మాత్రం మా జిల్లాకు కొత్త కాదు, అలాంటి పరదాల ముందు ఆడే సురభి నాటకాలు 1885లో మొదలైంది ఇక్కడి సురభి గ్రామంలోనే.

తర్వాత మద్రాసు సినిమా వచ్చింది. అందులో మనవాళ్లే ఉన్నారు. బి.ఎన్.రెడ్డి, నాగిరెడ్డి అన్నదమ్ములది కడప జిల్లా, 'మాయాబజార్' (1957) తీసిన కె.వి.రెడ్డిది పక్కనున్న తాడిపత్రి. ఆ సినిమాలో మార్కస్ బార్ట్లీ కెమెరా చూపించిన వెన్నెల చూసొచ్చినవాళ్లకు ఊరి స్టూడియో పరదా మీద కూడా చెరువు, చందమామ కావాలనిపించడంలో వింతేముంది?

నన్నడిగితే అసలు మార్పు వెలుగులో వచ్చింది. పక్కనుంచి ఒక పెద్ద లైటు, నీడ మరీ నల్లబడకుండా ఎదురుగా ఇంకోటి, జుట్టు అంచు మెరిసేలా వెనక మరోటి: హీరోయిన్ల స్టిల్స్ తీసే పద్ధతి ఇదే. ఫోటో దిగాక రీటచింగ్ ఉండేది. నెగటివ్ మీద సన్నటి పెన్సిల్‌తో దిద్దిన చోట ప్రింటులో తెల్లబడుతుంది, అలా మశూచి గుంటలు కూడా పూడిపోయేవి. దాన్ని మోసమని నేననను, బతుకులో ఒక్కసారి ఫోటో దిగే మనిషికి తన ముఖం అందంగా కనబడటం చిన్న విషయం కాదు. తెలుగులో పూర్తి రంగుల సినిమా 'లవకుశ' 1963లో వచ్చింది, ఊళ్లలో మాత్రం ఆ తర్వాత కూడా చాలాకాలం నలుపు తెలుపు ఫోటో మీద బ్రష్‌తోనే పెదాలకు ఎరుపు అద్దేవాళ్లు. 'రాముడు భీముడు' (1964) లాంటి ద్విపాత్రాభినయాలు చూసినవాళ్లకు డబుల్ యాక్షన్ ఫోటో మీద మోజు. లెన్సు సగం మూసి ఒకసారి, రెండో సగం మూసి అదే నెగటివ్ మీద ఇంకోసారి తీస్తే ఒకే మనిషి తన పక్కన తానే కూర్చునేవాడు.

కలర్ ఫిల్మ్ రోల్స్ వచ్చాక పని ల్యాబులకు వెళ్లిపోయింది, డార్క్‌రూము, పెన్సిలు మూలపడ్డాయి. డిజిటల్ వచ్చాక పరదా కూడా అక్కర్లేదు, కారెక్కి గండికోటకే వెళ్తున్నారు.

మా జేజికి దక్కింది ఒక్క ఫోటోనే. దానికోసం పల్లె నుంచి ప్రొద్దుటూరు దాకా బస్సులో నిలబడే వచ్చిందట, కూర్చుంటే పూలజడ నలుగుతుందని.